అక్వేరియం నీళ్ల పీహెచ్ నిలవడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో మంచినీటి అక్వేరియం ఉన్నవాళ్లు పీహెచ్ (నీళ్ల ఆమ్ల గుణం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) గురించి అడిగే ప్రశ్నలు పైకి వేరువేరుగా కనిపిస్తాయి. ఒకరికి పడిపోతుంది, ఒకరికి పెరుగుతుంది, ఇంకొకరికి మందు వేసిన రోజు దిగి రెండ్రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. వీటిలో సగానికి పైగా ప్రశ్నలకు జవాబు చెప్పేది కేహెచ్ కిట్, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నిల్వ నీళ్లలో ఎంత ఉందో చూపించే పరీక్ష. దాన్ని చాలామంది కొనరు, షాపువాళ్లు కూడా అడిగితేనే లోపల్నుంచి తీసి ఇస్తారు. అందుకే కింద ఏ ప్రశ్న చదివినా ఆ మాట తగులుతూనే ఉంటుంది.

అసలు పీహెచ్ ఎంత ఉండాలి?

మామూలుగా ఇళ్లలో పెంచే చేపల్లో ఎక్కువ వాటికి 6.5 నుంచి 8 లోపు ఎక్కడున్నా సరిపోతుంది. గప్పీ, మోలీ, ప్లాటీ, గోల్డ్‌ఫిష్ కాస్త గట్టి (ఖనిజాలు ఎక్కువున్న) నీళ్లలో, 7 నుంచి 8 మధ్య హాయిగా ఉంటాయి. ఏంజెల్, బెట్టా, టెట్రాలకు 6.5 నుంచి 7.5 అనుకోవచ్చు. ఆఫ్రికాలోని మలావి సరస్సు సిక్లిడ్లకు 7.8 నుంచి 8.6 కావాలి. డిస్కస్‌లు, అడవి నీళ్లలో పట్టి తెచ్చిన చేపలు మాత్రమే నిజంగా మెత్తని, ఆమ్ల గుణం ఉన్న నీళ్లు అడుగుతాయి.

మన షాపుల్లో దొరికే చేపల్లో చాలావరకు చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల తొట్లలో పుట్టి పెరిగినవే. వాటి తాతముత్తాతలు ఏ నదిలో ఈదాయన్నది ఇప్పుడు పెద్ద విషయం కాదు. 7.8 దగ్గర కదలకుండా నిలబడ్డ ట్యాంకు మంచిది. మందులు పోసి 6.8కి దించుకుని, వారానికి నాలుగుసార్లు ఊగే ట్యాంకు ప్రమాదం. పీహెచ్ కొలతలో ఒక్క అంకె తేడా అంటే ఆమ్లత్వం పది రెట్లు మారినట్టు. 7.5 నుంచి 6.5కి ఒక్క రాత్రిలో దిగితే చేపకు అది చిన్న మార్పేమీ కాదు.

పొద్దున 7.0, సాయంత్రం 7.6 చూపిస్తోంది. కిట్ పాడైందా?

చాలావరకు కిట్ బాగానే ఉంటుంది. రాత్రంతా చేపలు, మొక్కలు, బ్యాక్టీరియా అన్నీ ఊపిరి పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అది నీళ్లలో కరిగి కార్బానిక్ ఆమ్లం అవుతుంది, పీహెచ్ దిగుతుంది. లైటు వెలిగాక మొక్కలు, పాచి ఆ వాయువును తినేస్తాయి, పీహెచ్ పైకెక్కుతుంది. భీమవరం, కైకలూరు వైపు చెరువు రైతులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పీహెచ్ చూసేది ఇందుకే. రెంటికీ తేడా 0.5 దాటితే వాళ్లు వెంటనే ఆల్కలినిటీ (కింద చెప్పే కేహెచ్ లాంటిదే) పరీక్ష చేయిస్తారు. ఇంట్లో ట్యాంకుకీ అదే లెక్క పెట్టుకోండి.

తేడా తెలుసుకోవాలంటే లైటు వేయకముందు ఒకసారి, ఆర్పబోయే ముందు ఒకసారి కొలవండి. రోజుకో టైములో కొలిచి అంకెలు పోల్చుకుంటే లేనిపోని టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. రాత్రిపూట ఎయిర్ పంపు నడిపితే తేడా చాలావరకు తగ్గుతుంది.

కేహెచ్ అంటే ఏమిటి? పీహెచ్‌తో దానికేం సంబంధం?

నీళ్లలో కరిగి ఉన్న కార్బొనేట్లు, బైకార్బొనేట్ల లెక్క కేహెచ్. ట్యాంకులో పుట్టే ఆమ్లాన్ని ఇవి ఎప్పటికప్పుడు తటస్థం చేస్తుంటాయి. బ్యాంకులో దాచిన డబ్బులాంటిది: నిల్వ ఉన్నంతకాలం ఏ నెల ఖర్చు ఎంతైనా ఇంట్లో తెలియదు, నిల్వ అయిపోయిన రోజు పాలవాడికి ఇవ్వడానికీ ఉండదు. పీహెచ్ కూడా కేహెచ్ ఉన్నంతకాలం కదలదు, అది అయిపోగానే ఒక్కసారిగా కూలుతుంది.

డిగ్రీల్లో కొలుస్తారు. 1 డిగ్రీ అంటే లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు. మామూలు ట్యాంకుకు 4 నుంచి 8 డిగ్రీలు నిశ్చింతగా సరిపోతాయి. 3 కన్నా తగ్గితే జాగ్రత్త పడాలి. 1 దగ్గరుంటే పీహెచ్ ఇవాళ బాగున్నా రేపటి సంగతి చెప్పలేం.

పరీక్ష చాలా తేలిక. చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, మందు ఒక్కో చుక్క వేసి మూతపెట్టి ఊపాలి. మొదట నీళ్లు నీలంగా మారతాయి. ఏ చుక్కకు పసుపు తిరిగాయో అన్ని డిగ్రీలు. మొదటి చుక్కకే పసుపైతే ట్యాంకులో నిల్వ దాదాపు సున్నా అన్నమాట. రంగుల కార్డుతో పోల్చుకునే పని లేదు కాబట్టి, రంగుల తేడా సరిగా పట్టలేనివాళ్లకు కూడా పీహెచ్ కిట్ కన్నా ఇదే సులువు.

కేహెచ్, జీహెచ్ ఒకటే అని చాలామంది అనుకుంటారు. జీహెచ్ అంటే కాల్షియం, మెగ్నీషియం లెక్క. గీజరు గొట్టాలకు తెల్లగా పట్టేది వాటివల్లే. పీహెచ్‌ను పట్టి ఉంచేది మాత్రం కేహెచ్.

బోరు నీళ్లు పట్టగానే 7.1 ఉంటే ట్యాంకులో పోసిన మర్నాటికి 8.2 అవుతోంది. ట్యాంకులో ఏదైనా తేడా ఉందా?

ట్యాంకులో ఏ తేడా లేదు. భూమి లోపల నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కరిగి ఉంటుంది. మోటారు వేసి బకెట్లోకి పట్టాక అది మెల్లగా గాల్లోకి పోతుంది, పీహెచ్ పైకొస్తుంది. అసలు అంకె ఆ రెండోదే.

ఒక బకెట్ నీళ్లు పట్టి, ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి 24 గంటలు వదిలి అప్పుడు కొలవండి. బకెట్ నీళ్లు, ట్యాంకు నీళ్లు ఒకే అంకె చూపిస్తే మీ ట్యాంకు మీ నీళ్లను ఏమీ మార్చడం లేదు. ట్యాంకు ఎక్కువ చూపిస్తే లోపల ఏదో రాయి కరుగుతోంది, తక్కువ చూపిస్తే మురికి పేరుకుంది, లేదా కేహెచ్ ఖర్చవుతోంది. ఈ బకెట్ పరీక్ష చేయకుండా మందులు కొనడం దండగ.

చేపలకు మంచిదని మొదటి నుంచీ ఆర్ఓ నీళ్లే పోస్తున్నాం. అయినా పీహెచ్ పడిపోతోంది.

ఆర్ఓ నీళ్లు కాబట్టే పడిపోతోంది. ఆర్ఓ యంత్రంలోని పొర ఉప్పులతోపాటు కేహెచ్‌ను కూడా దాదాపు పూర్తిగా తీసేస్తుంది. మనం తాగడానికి బాగున్న నీళ్లు చేపకు బాగుండాలని లేదు. వాన నీళ్లదీ ఇదే గుణం.

కుళాయి నీళ్లో, బోరు నీళ్లో కొంత కలపండి. ఉదాహరణకు బోరు నీళ్ల కేహెచ్ 14 ఉంటే, ఒక వంతు బోరు నీళ్లకు రెండు వంతుల ఆర్ఓ కలిపితే 5కి కాస్త తక్కువ వస్తుంది. పీహెచ్‌లను ఇలా సగటు కట్టలేం గానీ కేహెచ్‌ను కట్టొచ్చు. పాళ్లు కుదిరాక గోడమీద రాసి పెట్టుకోండి, ఇంట్లో ఎవరు నీళ్లు మార్చినా ఒకేలా ఉంటుంది.

రెండేళ్లుగా ట్యాంకు బాగుంది. నీళ్లు మార్చి శుభ్రం చేసిన మర్నాడే చేపలు చనిపోయాయి. ఎందుకు?

ఈ ప్రశ్న ఎంతమంది నోట వచ్చిందో లెక్కలేదు. అందరూ కొత్త నీళ్లనే తిడతారు. తప్పు పాత నీళ్లలో ఉంది.

చేపల విసర్జన, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. ఈ పనిలో ఆమ్లం పుడుతుంది. 1 మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటుగా మారేసరికి సుమారు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. ఇంకోలా చెప్పాలంటే, ట్యాంకులో నైట్రేట్ 100 పీపీఎం (లీటరుకు 100 మిల్లీగ్రాములు) పేరుకుందంటే ఈపాటికి 9 డిగ్రీల దాకా కేహెచ్ కరిగిపోయి ఉంటుంది. నీళ్లు మార్చకుండా ఆవిరైనంత మాత్రం పోస్తూ వచ్చిన ట్యాంకులో ఇది నెలల తరబడి చప్పుడు లేకుండా జరుగుతుంది.

కేహెచ్ అయిపోయాక పీహెచ్ 6కి, ఇంకా కిందికి దిగుతుంది. అక్కడ ఆ బ్యాక్టీరియా దాదాపు పని మానేస్తుంది, అమ్మోనియా పేరుకోవడం మొదలవుతుంది. అయినా చేపలు బతికే ఉంటాయి. ఆమ్ల నీళ్లలో అమ్మోనియా అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది, దాని విషం చాలా తక్కువ. పీహెచ్ మెల్లగా దిగింది కాబట్టి చేపలు అలవాటు పడి ఉంటాయి.

ఇప్పుడు పండగకో, చుట్టాలొస్తున్నారనో ట్యాంకు శుభ్రం చేసి, సగానికి పైగా నీళ్లు తీసి పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు పోశారు. మిగిలిన అమ్మోనియంలో ఒక భాగం నిమిషాల్లో అమ్మోనియాగా మారిపోతుంది. 25 డిగ్రీల వేడి దగ్గర విషపు రూపం వంతు పీహెచ్ 7లో 1 శాతం కూడా ఉండదు, 8లో 5 శాతం దాటుతుంది. 6 నుంచి 8కి లెక్కేస్తే దాదాపు 90 రెట్లు. దీనికి పీహెచ్ కుదుపు తోడు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద రుద్ది కడిగితే అందులో మిగిలిన బ్యాక్టీరియాను క్లోరిన్ చంపేస్తుంది.

మీ ట్యాంకు ఈ స్థితిలో ఉందని అనుమానంగా ఉంటే ముందు అమ్మోనియా కొలవండి. అది ఎక్కువ ఉండి పీహెచ్ తక్కువ ఉంటే పీహెచ్ పెంచడానికి ఏదీ వేయకండి, అప్పటికి ఆ తక్కువ పీహెచ్చే చేపలను కాపాడుతోంది. మేత ఆపండి. గాలి పెంచండి. క్లోరిన్ తీసిన నీళ్లతో రోజుకు 10 శాతం చొప్పున మార్చండి. మొదటి రెండు మూడు రోజులు ఆ నీళ్లలో ఆర్ఓ వంతు ఎక్కువ ఉండనివ్వండి. అమ్మోనియా దిగాక మామూలు నీళ్ల వంతు పెంచుకుంటూ పోవాలి. అడుగున గులకరాళ్లలో మురికి ఉంటుంది, దాన్ని కూడా ఒకేసారి కాకుండా కొద్ది కొద్దిగా లాగండి. వారం, పది రోజులు ఓపిక పట్టాల్సిన పని ఇది.

వంట సోడా వేయొచ్చా? ఎంత?

వేయొచ్చు. కేహెచ్ పెంచడానికి చౌకైనది, నమ్మదగినది అదే. 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే కేహెచ్ సుమారు 1 డిగ్రీ పెరుగుతుంది. లెవెల్‌గా కొలిచిన టీస్పూన్ దాదాపు 5 గ్రాములు. ట్యాంకు నీళ్లే ఒక గ్లాసులో తీసుకుని బాగా కరిగించి, ఫిల్టర్ నీళ్లు పడే చోట మెల్లగా పోయండి. రోజుకు 1 డిగ్రీ చాలు. పైన చెప్పిన అమ్మోనియా పరీక్ష చేశాకే సుమా.

బేకింగ్ పౌడర్ వేరు, దాంట్లో ఆమ్లం, పిండి కలిసి ఉంటాయి. చాకలి సోడా కూడా వేరు, అది పీహెచ్‌ను ఒక్కసారి పైకి తోస్తుంది. చెరువుల్లో రైతులు చల్లుతారు కదా అని సున్నం వేయాలనుకునేవాళ్లు ఉన్నారు. ఎకరం చెరువుకు సరిపోయే పద్ధతి 100 లీటర్ల గాజు పెట్టెకు వద్దు.

రోజూ కొలిచి వేయడం విసుగనిపిస్తే ఫిల్టర్‌లో చిన్న గుడ్డ సంచిలో ఆలిచిప్పల ముక్కలు పెట్టండి. కోళ్ల దాణా అమ్మే దుకాణాల్లో షెల్ గ్రిట్ అని అడిగితే కిలోల లెక్కన ఇస్తారు. బాగా కడిగి, 100 లీటర్లకు ఒక గుప్పెడుతో మొదలుపెట్టి వారం తర్వాత కేహెచ్ చూడండి. నీళ్లు ఆమ్లం వైపు తిరిగేకొద్దీ ఇవి కరుగుతాయి.

మాకు ఉల్టా. పీహెచ్ ఎంత దించినా 8.4కి పోతోంది.

మొదట ట్యాంకులో ఏమేం ఉన్నాయో చూడండి. పాలరాయి ముక్కలు, సముద్రం ఒడ్డున ఏరుకొచ్చిన గవ్వలు, పగడపు రాళ్లు, సిమెంటుతో చేసిన కోటలు, వంతెనలు అన్నీ కేహెచ్‌ను, పీహెచ్‌ను పెంచేవే. అనుమానం ఉన్న రాయిని బయటకు తీసి ఆరబెట్టి, నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపట వినిపించినా, బుడగలు కనిపించినా అది సున్నపు రాయి. నల్లరాయి, గ్రానైట్ ముక్కలు, నది ఇసుక వెనిగర్‌కు పొంగకపోతే వాటితో బాధ లేదు.

ఇవేవీ లేకపోతే మీ నీళ్లే అంత. వేసవిలో ఇంకో కారణం కలుస్తుంది: నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పులు అక్కడే ఉంటాయి, మీరు మళ్లీ బోరు నీళ్లే నింపుతారు. ఏప్రిల్, మే నెలల్లో ఆవిరైన మేరకు ఆర్ఓ నీళ్లు పోయండి.

నిమ్మరసం, వెనిగర్, పటిక, పీహెచ్ డౌన్... ఏది మంచిది?

ఏదీ కాదు. కేహెచ్ ఎక్కువున్న నీళ్లలో ఆమ్లం పోస్తే కాసేపు దిగి, కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోగానే మళ్లీ ఎక్కుతుంది. మీరు మళ్లీ పోస్తారు. అలా పోస్తూ పోస్తూ ఒకరోజు కేహెచ్ అయిపోతుంది, ఆ రోజు వేసిన మోతాదుకు పీహెచ్ 5కి పడుతుంది. నిమ్మరసం, వెనిగర్లను బ్యాక్టీరియా తిని నీళ్లు తెల్లగా మసకబారతాయి, ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. పీహెచ్ డౌన్ సీసాల్లో కొన్నింటిలో ఫాస్ఫేట్ ఉంటుంది, పాచికి అది పండగ. పటిక నీళ్లను తేటపరిచే మాట నిజమే గానీ కేహెచ్‌ను కూడా తింటుంది, పైగా ఆమ్ల నీళ్లలో అల్యూమినియం చేపల మొప్పలకు హాని.

నిజంగా దించాలంటే ఆర్ఓ కలిపి కేహెచ్ తగ్గించాలి. ఆ తర్వాతే బాదం ఆకులు, డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంకులో వేసే ఎండు కొయ్య) పనిచేస్తాయి. బాదం ఆకులంటే మన వీధుల్లో గొడుగులా పరుచుకునే నాటు బాదం చెట్టువే. ఎండి తనంతట తాను రాలిన ఆకును కడిగి వేస్తే చాలు, డబ్బు పెట్టి కొనక్కర్లేదు. నీళ్లు టీ రంగులోకి వస్తాయి, బెట్టాలకు అది ఇష్టమే. కేహెచ్ 12 ఉన్న బోరు నీళ్లలో మాత్రం బస్తాడు ఆకులు వేసినా రంగు తప్ప పీహెచ్ మారదు.

అపార్టుమెంటులో ఒకరోజు మంజీరా నీళ్లు, ఒకరోజు ట్యాంకర్. ఎలా?

హైదరాబాద్‌లో కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లలో కూడా ఎండాకాలం సంపులోకి ట్యాంకర్ బోరు నీళ్లు దిగుతాయి. రెంటి కేహెచ్ చాలా తేడాగా ఉండొచ్చు. సంపులో ఏ పాళ్లలో కలిశాయో వాచ్‌మన్‌కూ తెలియదు. మూతున్న డ్రమ్ము ఒకటి పెట్టుకుని, నీళ్లు ఒకరోజు ముందు పట్టి, కేహెచ్ చూసి మార్చండి. తేడా 3 డిగ్రీలు దాటితే ఆ వారం 25 శాతం బదులు 10 శాతమే మార్చండి. మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ మర్చిపోవద్దు.

ఇంట్లో సాఫ్ట్‌నర్ ఉంది. ఆ నీళ్లు మెత్తనివే కదా?

సబ్బు నురగకు మెత్తనివే. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసి సోడియం ఇస్తుంది, కేహెచ్ అలాగే ఉంటుంది. పీహెచ్ దిగదు, చేపలకు, నత్తలకు కావాల్సిన ఖనిజాలు పోతాయి. సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నుంచి పట్టుకోండి.

షాపులో కల్లుప్పు వేయమన్నారు. పీహెచ్ కుదురుతుందా?

కుదరదు. ఉప్పు వల్ల కేహెచ్ పెరగదు.

మొక్కల ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టాం. పీహెచ్ రోజూ ఒక అంకె దిగి ఎక్కుతోంది. ప్రమాదమా?

ఇక్కడ కేహెచ్ మారడం లేదు, వాయువు మాత్రమే వచ్చిపోతోంది. అందువల్ల చేపలు దీన్ని బాగానే తట్టుకుంటాయి. కేహెచ్ 4 ఉన్న నీళ్లలో పీహెచ్ 6.6 అంటే కార్బన్ డయాక్సైడ్ సుమారు 30 పీపీఎం, మొక్కలకు సరిపోతుంది. అది దాటి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వాయువు తగ్గించండి. లైటు వెలగడానికి గంట ముందు మొదలై, లైటు ఆరడానికి గంట ముందే ఆగేలా టైమర్ పెట్టండి. కొత్త ఆక్వా సాయిల్ (మొక్కల కోసం అడుగున పరిచే మట్టి గుళికలు) వేసినవాళ్లకు మొదటి వారాల్లో కేహెచ్ సున్నాకి దిగడం మామూలే. అది అమ్మోనియా కూడా వదులుతుంది, చేపలను అప్పుడే వేయకండి.

స్ట్రిప్పులు, చుక్కల కిట్, పెన్ను మీటరు... ఏది కొనాలి?

స్ట్రిప్పులు తేమ తగిలితే అబద్ధాలు చెబుతాయి. చుక్కల కిట్ మంచిది, ఒక్క చిక్కుంది: మామూలుగా దొరికేది 6.0 నుంచి 7.6 దాకే చూపిస్తుంది. మీ నీళ్లు 5.2 ఉన్నా పసుపే, 6.0 ఉన్నా పసుపే. ట్యాంకులో పీహెచ్ కూలిపోయి నెలైనా "ఆరే కదా" అని ఊరుకునేది ఇక్కడే. పై చివరా అంతే, 8.4 ఉన్నా ముదురు నీలం చూసి 7.6 అనుకుంటారు. రంగు ఏ చివర ఉన్నా ఆ అంకెను నమ్మకండి.

పెన్ను మీటరుతో వచ్చే చిన్న పొడి పొట్లాలను పారేయకండి. వాటిని 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి 6.86, 4.00 దగ్గర సరిచూసుకోవాలి, నెలకోసారైనా. మొన ఎండిపోతే మీటరు పోయినట్టే. మూతలో రెండు చుక్కల పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఉంచండి, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టకండి. పీహెచ్ కొలిచేది, కేహెచ్ కొలిచేది, ఈ రెంటిలో ఒకటే కొనగలిగితే కేహెచ్ చుక్కల కిట్ కొనండి.

కొత్త సిమెంటు తొట్టిలో పీహెచ్ 10 దాటింది.

సిమెంటులోని సున్నం ఊరుతోంది. నిండా నీళ్లు పట్టి, మూడు నాలుగు రోజులకోసారి పారబోసి, రుద్ది కడిగి మళ్లీ నింపండి. అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టడం మనవైపు పాత పద్ధతి, వేసుకోవచ్చు గానీ నీళ్లు మార్చకుండా దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. నింపిన రెండ్రోజుల తర్వాత కూడా 8.5 లోపు ఉంటేనే చేపలు.

కొత్త చేపలను తెచ్చినప్పుడు పీహెచ్ తేడా ఎలా సర్దాలి?

ఊళ్లోని షాపు నుంచి గంటలోపు తెచ్చిన చేపలైతే కవరును పావుగంట నీళ్లపై తేల్చి, తర్వాత అరగంట, ముప్పావుగంట పాటు ట్యాంకు నీళ్లు కొద్దికొద్దిగా కలపండి. చేపను వలతో తీసి వేయండి, కవరు నీళ్లు ట్యాంకులో పోయొద్దు.

బస్సులోనో, కొరియర్‌లోనో రోజంతా ప్రయాణం చేసి వచ్చిన కవరు సంగతి వేరు. లోపల కార్బన్ డయాక్సైడ్ నిండి పీహెచ్ పడిపోయి ఉంటుంది, అమ్మోనియా అమ్మోనియంగా అణిగి ఉంటుంది. మూతి విప్పగానే వాయువు పోయి పీహెచ్ ఎక్కుతుంది, అమ్మోనియా లేస్తుంది. అలాంటి కవరును విప్పి గంటలు గంటలు చుక్కచుక్కగా నీళ్లు కలపడం చేపను ఆ విషంలోనే కూర్చోబెట్టడం. మూతి విప్పకుండా వేడి సమానం చేసి, విప్పాక ఆలస్యం చేయకుండా ట్యాంకులోకి మార్చండి. ఆ రోజు లైటు వేయకండి, మేత కూడా మర్నాడే.